గోడ వైపు తిరిగిన మేమ్‌సాబ్

నవంబర్ 8, శుక్రవారం

గయాజ్ మేమ్‌సాబ్‌ను అమ్మేస్తాడట.

జుమా నమాజు నుంచి వచ్చి, పళ్ళెం ముందు కూర్చుని, ఉల్లిపాయ ముక్క అడిగినంత తేలిగ్గా చెప్పాడు. కంపెనీ మూతపడ్డాక మెసైమీర్‌లో ఆ గోడౌన్ ఉద్యోగం దొరకడమే గొప్ప, దోహా నడిబొడ్డున అల్ సద్‌లో ఈ ఫ్లాటు అద్దె ఇక మన వల్ల కాదు, మన పిల్ల మరీహా పన్నెండో తరగతి పరీక్షలు అయ్యేదాకానైనా ఇక్కడ ఉండాలంటే అమ్మడానికి ఇంకేముంది అన్నాడు. నా గాజులు వేసవిలోనే వెళ్ళిపోయాయి. అందుకని నేను నోరు మూసుకుని వడ్డించాను. ఈ ఇంట్లో అమ్ముకోవడానికి ఇంక మిగిలిన ఆడది హాల్లో గోడకు వేలాడుతున్న ఆ ఇటలీ మేమ్‌సాబ్ బొమ్మ ఒక్కతే.

మా అత్తగారు ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయింది. "కౌన్సీ తస్వీర్?" అని అడిగింది కొడుకుని. ఏ బొమ్మ అట. ఇంట్లో ఉన్నదే ఒక్క బొమ్మ.

"వోచ్ అమ్మీ, బాబా కా," అన్నాడు గయాజ్. మామగారిది. అమ్మీ పళ్ళెం పక్కకు జరిపేసింది.

ఇదంతా తెలుగులో రాసుకుంటున్నాను. గయాజ్ దోహాలోనే పుట్టి పెరిగాడు, తెలుగు ఒక్క ముక్క రాదు. మరీహాకు నేను తిట్టినప్పుడు మాత్రం కొంచెం అర్థమవుతుంది. అమ్మీ హనుమకొండలో పెరిగింది, మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. పెళ్ళయి బోధన్ నుంచి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నేను వంటింట్లో ఏడుస్తుంటే వెనక నుంచి వచ్చి, "ఏమైంది బిడ్డా, ఎవలన్న ఏమన్నన్నరా?" అని తెలుగులో అడిగింది. ఆ ఒక్క మాటకే నేను ఇక్కడ నిలదొక్కుకున్నాను. అందరి ముందు నన్ను దుల్హన్ అంటుంది, కోడలా అని, దక్కనీ ఉర్దూలో. మేమిద్దరమే ఉంటే తెలుగు. అప్పుడు బిడ్డా.


నవంబర్ 11, సోమవారం

గ్యాలరీ నుంచి ఒక మేడమ్ వచ్చింది. లెబనాన్ మనిషి, మెడలో పెద్ద పెద్ద పూసలు, చెప్పులు విప్పమంటే ఆశ్చర్యపోయింది. వెనక ఒక డ్రైవరు.

బొమ్మ గోడ వైపు తిరిగి ఉండడం చూసి ఎందుకు అని అడిగింది. గయాజ్ నసుగుతుంటే నేనే నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఈ హాల్లో నమాజు చేసుకుంటాము, ఎదురుగా ముఖం ఉండకూడదు. మామగారు ఉన్నన్నాళ్ళూ నమాజుకు ముందు ఆయనే తిప్పేవారు, అయ్యాక మళ్ళీ ఇటు తిప్పేవారు. ఆయన పోయాక ఎవరు తిప్పుతారు రోజూ? గోడ వైపే ఉండిపోయింది. నేను కోడలిగా వచ్చాక ఆ ముఖాన్ని నేను సరిగ్గా చూసింది తక్కువ. వెనక చెక్క మీద బూజు మాత్రం ప్రతి శుక్రవారం దులిపాను.

ఆ చెక్క మీద నల్లరంగుతో ఏదో రాసి ఉంటే కంపెనీ గుర్తేమో అనుకునేదాన్ని. మేడమ్ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ఎత్తోరె వల్దానీ, దోహా, 1974. ఇటలీలో పేరున్న చిత్రకారుడట, చనిపోయి చాలా ఏళ్ళయిందట, ఆయన గీసిన మనుషుల బొమ్మలు కావాలని తిరిగేవాళ్ళున్నారట. గయాజ్ వెంటనే నాకేసి చూసి టీ పెట్టమన్నాడు.

బొమ్మను ఇటు తిప్పేసరికి మాత్రం మేడమ్ ముఖం మాడిపోయింది. పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టుంది మేమ్‌సాబ్. మెడా చెంపా కట్టుకున్న బట్టా అంతా ఒకే రంగు. నూనెరంగుల బొమ్మను చీకట్లో ఉంచితే ఇలాగే పచ్చబడుతుందట. పరవాలేదు, వెలుతురు తగిలితే కొన్ని వారాల్లో మళ్ళీ తేటపడుతుంది, నేరుగా ఎండ పడకుండా కిటికీ పక్కన పెట్టండి, నమాజు మాత్రం వేరే గదిలో చేసుకోండి అంది. గయాజ్ నన్ను చూసిన చూపు చూస్తే ఆ పసుపు నేనే పులిమాననుకోవాలి.

"వెలుతురుల ఆరబెట్టాలంట, వడియాలా ఏమన్ననా," అన్నాను నాలో నేను. డ్రైవరు పకపక నవ్వాడు.

"తెలుగోళ్ళామ్మా మీరు? మాది రాయచోటి దగ్గర. చిన్నప్ప నా పేరు. ఇట్లాంటి మాట ఇని ఎన్నాళ్ళైంది," అన్నాడు. అతనికి టీ ఇంకో కప్పు పోశాను.

ఈ బొమ్మ ఎలా వచ్చిందని మేడమ్ అడిగితే గయాజ్ మామగారి కథే చెప్పాడు. ఆయన ఖుత్బుద్దీన్ సాబ్, ఇటలీ వాళ్ళ రోడ్డు కంపెనీలో స్టోర్ కీపరు. పెద్ద ఇంజినీరు దేశం వెళ్ళిపోతూ, ఆయన భార్య ఇంటి సామానంతా పంచిపెడుతూ దీన్ని ఈయన చేతిలో పెట్టింది. మా చుట్టాలావిడ అని చెప్పిందట. అప్పటి నుంచీ ఇది ఇటలీ మేమ్‌సాబే.

అమ్మీ లోపలి గదిలో నుంచి బయటికి రాలేదు.


నవంబర్ 12

అమ్మీ కుర్చీలో కూర్చునే నమాజు చేస్తుంది, కిందటేడు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయినప్పటి నుంచి. ఇవాళ ఆ కుర్చీని లోపలి గదిలోకి జరిపాను. హాలు దాటేటప్పుడు అమ్మీ బొమ్మ వైపు చూడలేదు. ఎక్కడా తల తిప్పకుండా అంత జాగ్రత్తగా నడిచిన మనిషిని నేను చూడలేదు.


నవంబర్ 19, మంగళవారం

తేటపడుతోంది. పసుపు బట్ట అనుకున్నది ఆకుపచ్చ శాలువా. నుదుటి దగ్గర జుట్టు కొంచెం ఎగిరి ఉంది. తల మీద ఏమీ లేదు. మేమ్‌సాబే కదా, తల మీద ఏముంటుంది.


నవంబర్ 24, ఆదివారం

గయాజ్ వచ్చేలోగా ఇది రాసేయాలి.

ఆదివారం అమ్మీకి తలకు నూనె పెట్టే రోజు. గయాజ్ డ్యూటీకి, మరీహా స్కూలుకి వెళ్ళాక వెలుతురు బాగుంటుందని హాల్లోనే కూర్చోబెట్టాను. కుడి వైపు జుట్టు పాయ తీసి చెవి వెనక్కి పెట్టాను. అమ్మీ చెవి అంచంతా వరసగా కుట్లు. ఆ కాలం పిల్లలకు అలాగే కుట్టించేవాళ్ళు, బాలీలు, ఆ చిన్న రింగులు, వేయడానికి. ఇప్పుడు అన్నీ ఖాళీ. వాటిలో ఒక్కటి వరస తప్పి లోపలికి ఉంటుంది, కుట్టేటప్పుడు తను తల విదిలించిందట, సూది పక్కకు పోయిందట. ఆ చోట నూనె నిలుస్తుందని నేను ప్రతిసారీ గుడ్డతో తుడుస్తాను.

తుడిచి తలెత్తాను. ఎదురుగా మేమ్‌సాబ్ చెవి. నిన్నటిదాకా పచ్చగా అలుక్కుపోయి ఉన్నది ఇవాళ తేలింది. చెవి అంచంతా చిన్న చిన్న చుక్కలు. ఒకటి వరస తప్పి లోపలికి.

ఏ ఇటలీ దొరసాని చెవి అంచంతా కుట్టించుకుంటుంది?

"అమ్మీ," అన్నాను. ఆమె వెనక్కి తిరగలేదు. నేను బొమ్మ వైపు చూస్తున్నానని ఆమెకు తెలుసు.

"సూసినవా బిడ్డా," అంది.

"నువ్వేనా?"

"ఇంకెవలు?" అంది. నేను దువ్వుతూనే ఉన్నాను. తర్వాత తనే మొదలుపెట్టింది. పెళ్ళయి దోహాకు వచ్చిన కొత్తలో ఇంజినీరు భార్య గౌన్ల మీద జరీ పని చేయించుకోవడానికి ఈమెను పిలిపించుకునేదట. ఆ చలికాలం ఆవిడ అన్న ఇటలీ నుంచి వచ్చాడు. ముసలివాడు, దగ్గు మనిషి, బొమ్మలు వేసేవాడు. కుట్టుకుంటున్న పిల్లను చూసి కాసేపు అలాగే కూర్చోమని చెల్లెలితో చెప్పించాడు. చెల్లెలు గదిలోంచి కదిలేది కాదట. తల మీది నుంచి దుపట్టా తీయించి తన శాలువా తెచ్చి కప్పింది కూడా ఆవిడేనట.

"ఎందుకు కూసున్నవ్ అమ్మీ?"

"ఎందుకంటె ఏం జెప్పాలె. కూసొమ్మంటె కూసున్న. ఒద్దనుడు నాకెన్నడు రాలే." ఆగింది. "గని బిడ్డా, గాయన సూసినట్టు నన్ను ఎవ్వలు సూడలే. ఖరాబ్ సూపు గాదు. కండ్లద్దాలు తుడుసుకుంట సూసేటోడు, మల్ల తుడుసుకునేటోడు. దినాలకు దినాలు నా ముఖమే సూసిండు. అమ్మ గూడ సూడలే అట్ల."

"మరి మామయ్య గుర్తుపట్టలేదా? ఇంట్లనే పెట్టుకున్నడు గదా."

అమ్మీ నవ్వింది. "ఎట్ల గుర్తువడ్తడు? నా ముఖం దిక్కు ఎన్నడన్న సక్కగ సూసిండా? బేషరమ్ మేమ్, సిగ్గులేంది, తల మీద బట్ట లేదు అని తిట్టుకుంటనే తిప్పేటోడు గోడకు. నేను గూడ హౌ, అవును, బేషరమే అనేదాన్ని."

నాకు నవ్వు రాలేదు. దువ్వెనలో వచ్చిన వెంట్రుకలు తీస్తూ కూర్చున్నాను.

"గయాజ్‌కు జెప్పకు," అంది లేచేటప్పుడు. "నా మీద ఒట్టు."

ఒట్టు వేశాను.


నవంబర్ 25

నా కడుపులోనే ఉంచుకుంటాను. ఆమె మాట నిలబెట్టకపోతే నేనెందుకు.


డిసెంబర్ 1, ఆదివారం

గ్యాలరీ మేడమ్ ఫోన్ చేసింది. కొనేవాడు దొరికాడు. వెస్ట్ బేలో ఒక పెద్ద హోటల్లో ఇటలీ భోజనశాల పెడుతున్నాడట, గోడల నిండా ఇటలీ బొమ్మలే కావాలట. ఇటలీ చిత్రకారుడు వేసిన ఇటలీ స్త్రీ అంటే ఎగిరి గంతేశాడట. ఒకే ఒక్క సంగతి తేలాలంది మేడమ్. బొమ్మలో ఉన్నది ఎవరో ఇంట్లో ఎవరికైనా తెలుసా? మీ ఇంటి మనిషో తెలిసిన మనిషో అయితే, ఆమె బతికుంటే ఆమె ఒప్పుకుని సంతకం పెట్టాలి. అలా అయితే ఈ బేరం ఇక ఉండదు, అతనికి కావలసింది ఇటలీ మనిషి. వేరే బేరం చూడాలి, ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేనంది.

గయాజ్ ఫోన్ చేత్తో మూసి నన్నడిగాడు. "అమ్మీ నీతో ఏమైనా చెప్పిందా దీని గురించి? మీరిద్దరూ తెలుగులో గుసగుసలాడుకుంటారు కదా."

"నై," అన్నాను.

ఇది అబద్ధం కింద రాదు. చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది ఆమె. ఒట్టు వేసింది చెప్పకపోవడం అబద్ధం ఎలా అవుతుంది.


డిసెంబర్ 6, శుక్రవారం

రోజురోజుకూ తేటపడుతోంది, ఆపే మార్గం లేదు. గయాజ్ పొద్దున్నే తెర పూర్తిగా లాగి వెళ్తాడు. అతను లిఫ్టు ఎక్కాడో లేదో నేను మూసేస్తాను. సాయంత్రం వచ్చే వేళకు మళ్ళీ తెరుస్తాను. ఇది ఒక డ్యూటీ అయిపోయింది.

ఇవాళ సెలవు కాబట్టి తెర తెరిచే ఉంది. మరీహా సోఫాలో పడుకుని ఫోన్ చూస్తూ చూస్తూ, "మమ్మా, ఈ మేమ్‌కు నా గడ్డం ఉంది," అంది. నిజమే. ఆ సొట్టతో సహా.

"నీ గడ్డం ఇటలీలో ఎందుకుంటుందే, పోయి చదువుకో," అని కసిరాను. గయాజ్ తల ఎత్తి బొమ్మను చూశాడు, కూతుర్ని చూశాడు, మళ్ళీ ఫోన్లోకి వెళ్ళిపోయాడు. ఈ ఇంటి మగవాళ్ళు చూడరు. ఈసారికి అదే మేలయింది.


డిసెంబర్ 10, మంగళవారం

అమ్మీ హాల్లోకి వచ్చేసింది. నన్ను అడగకుండా తనే కుర్చీని ఒక్క చేత్తో ఈడ్చుకుంటూ వచ్చి బొమ్మ ఎదురుగా వేసుకుంది. నేను తెర మూసి ఉంచాను.

"తెరువు బిడ్డా. ఎలుగు రానీ."

తెరిచాను. కళ్ళజోడు పెట్టుకుని చూస్తూ కూర్చుంది. జుహర్, మధ్యాహ్నపు నమాజు, వేళ దాటిపోతోందని నేను గుర్తు చేయాల్సి వచ్చింది. అమ్మీకి నమాజు నేను గుర్తు చేయడం ఇదే మొదటిసారి.

మధ్యాహ్నం అడిగింది. "కింద పేరు రాస్తరా దానికి?"

"రాస్తరు అమ్మీ. ఇత్తడి పలక మీద."

"ఏమని రాస్తరు?"

తెలియదన్నాను.

కాసేపు దుపట్టా అంచు వేళ్ళకు చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది. "ఎవలన్న అడిగితే జెప్పుమంటవా? నా పేరు, ఖమర్ సుల్తానా అని?"

నిన్నగాక మొన్న ఒట్టు వేయించుకున్న మనిషి. నాకు ఒక్కసారిగా కోపం వచ్చింది. ఎందుకు వచ్చిందో ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తే సరిగ్గా చెప్పలేను.

"వద్దమ్మీ. గయాజ్ ఏమనుకుంటడు? తల్లి ముసుగు తీసి పరాయి మొగోని ముందు కూసున్నదంటె ఆయన మనసు ఎట్లుంటది?"

"హౌ," అంది. "గది గూడ ఉన్నది."

మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే మంచిది.


డిసెంబర్ 15

గయాజ్ గ్యాలరీకి వెళ్ళి సంతకాలు పెట్టి వచ్చాడు. మంగళవారం వస్తారు. దారిలో మరీహాకు ఫలాఫల్ కొనుక్కొచ్చాడు, నవ్వుతూ మాట్లాడాడు. ఎన్ని నెలలైంది ఇతను నవ్వి.


డిసెంబర్ 17, మంగళవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మేడమ్, చిన్నప్ప, ఇంకో కుర్రవాడు, ఒక చెక్కపెట్టె. మరీహా స్కూలుకు వెళ్ళిపోయింది. గయాజ్ సగం రోజు సెలవు పెట్టాడు. అమ్మీ పొద్దున్నే స్నానం చేయించమంది, తెల్ల దుపట్టా అడిగింది, అత్తరు రాయమంది. ఎవరో చుట్టాలు వస్తున్నట్టు.

బొమ్మను దింపి సోఫాకు ఆనించారు. పసుపంతా పోయింది. మేడమ్ చప్పట్లు కొట్టినంత పని చేసి, మర్యాదకు అమ్మీ వైపు తిరిగి అరబీలో అంది, ఎంత అందంగా ఉందో చూడండి ఈ ఇటలీ స్త్రీ అని. ఇన్నేళ్ళు ఇక్కడ ఉన్న మనిషి, ఆ మాత్రం అరబీ అమ్మీకి తెలుసు.

అమ్మీ కుర్చీ చెయ్యి పట్టుకుని లేచింది. నేను పట్టుకోబోతే వద్దంది. నడుచుకుంటూ వెళ్ళి బొమ్మ పక్కన నిలబడి, మంచి చేత్తో దుపట్టాను చెవి మీది నుంచి వెనక్కి తీసింది. పరాయి మగవాళ్ళు ఇద్దరున్న గదిలో.

"యే మైచ్ హూఁ," అంది. ఇది నేనే.

గయాజ్ నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, సిగ్గుపడ్డ నవ్వు. మా అమ్మకు కిందటేడు పక్షవాతం వచ్చింది, అప్పటి నుంచి అప్పుడప్పుడూ ఇలా, అని మేడమ్‌తో ఇంగ్లీషులో చెప్పాడు. "అమ్మీ, చలో, బైఠో," అన్నాడు, కూర్చోమని. మేడమ్ మాత్రం నవ్వలేదు. అమ్మీని చూసింది, బొమ్మను చూసింది. ముడతలు పడ్డ ముఖం, మూతి కొంచెం ఒక పక్కకు పోయిన ముఖం. దానిలో ఈ ముఖాన్ని వెతకడం అంత సులువు కాదు. చివరికి నా వైపు తిరిగింది. రోజూ చూసుకునేది మీరు కదా, ఆమె చెప్పేది నిజమేనా అని అడిగింది.

అప్పుడు అమ్మీ నాతో తెలుగులో మాట్లాడింది. అందరి ముందు. ఇన్నేళ్ళలో మొదటిసారి.

"నువ్వు జెప్పు బిడ్డా. నీకు ఎర్కే గదా. నీ మాటయితె ఇంటరు."

గయాజ్‌కు అర్థం కాలేదు. మేడమ్‌కు అర్థం కాలేదు. టేపు చుట్ట పట్టుకుని వంగి ఉన్న చిన్నప్ప నిటారుగా లేచి నిలబడ్డాడు.

నేను దక్కనీలో చెప్పాను. "నై అమ్మీ. ఆప్ థక్ గయే. ఆకే బైఠో." అలిసిపోయావు, వచ్చి కూర్చో అని. మేడమ్‌కు ఇంగ్లీషులో చెప్పాను, కాదు, ఆమె కాదు, పాపం పెద్దావిడ అని.

అమ్మీ నా ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత దుపట్టా ముందుకు లాక్కుంది. "హౌ," అని వచ్చి కుర్చీలో కూర్చుంది.

బొమ్మకు తెల్ల కాగితం చుట్టారు, దాని మీద బుడగల ప్లాస్టిక్, దాని మీద దుప్పటి. పెట్టెలో పెట్టి మేకులు కొట్టారు. గయాజ్ మేడమ్‌తో పాటు కిందికి దిగాడు. చిన్నప్ప మిగిలిన తాళ్ళు తీసుకోవడానికి మళ్ళీ పైకి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, ఒగ మాట. ఆయమ్మ చెప్పింది..."

"ఏంది?"

"ఇంకా బండి ఎక్కించల్యా. మా మేడమ్‌తో నేను చెప్పమంటే చెప్తా. ఇప్పుడైతే ఆగుతాది."

అమ్మీ వింటోంది. తల వంచుకునే ఉంది గానీ వింటోంది.

"నీ పని నువ్వు చూసుకో," అన్నాను. తలుపు వేశాను.


డిసెంబర్ 18, బుధవారం

నేషనల్ డే. రోడ్ల మీద జెండాలు కట్టిన కార్లు, హారన్లు. మరీహా స్నేహితులతో కోర్నిష్‌కు వెళ్ళింది.

గయాజ్ తన తల్లిని ఇక ఏ కళ్ళతో చూస్తాడు, దాని గురించే నేను ఆలోచించాను. ముందు అదే తట్టింది. ఫ్లాటు, మరీహా పరీక్షలు, అవన్నీ తర్వాత. చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది ఆమే కదా. నేను ఒట్టు నిలబెట్టాను. ముందు అమ్మీ గురించే ఆలోచించాను.


డిసెంబర్ 19

ముందు అమ్మీ గురించే ఆలోచించాను.


డిసెంబర్ 23, సోమవారం

ఫ్లాటు అగ్రిమెంటు వేసవిదాకా పొడిగించారు. గయాజ్ హాల్లో ఖాళీ అయిన గోడకు కాబా ఫోటో పెట్టాడు, దాన్ని తిప్పాల్సిన పని లేదు అన్నాడు. అమ్మీ నమాజు కుర్చీ మళ్ళీ హాల్లోకి వచ్చింది.

అమ్మీకి జలుబు. మాట తక్కువగా ఉంది. "దుల్హన్, పానీ," అంటుంది. "దుల్హన్, బత్తీ బుఝావ్," అంటుంది, దీపం ఆర్పమని. జలుబు వల్లే అనుకుంటాను.


డిసెంబర్ 29, ఆదివారం

జలుబు తగ్గింది. తలకు నూనె పెట్టాను. చెవి దగ్గరికి వచ్చేసరికి తనే గుడ్డ తీసుకుని తుడుచుకుంది.

"నొస్తుందా అమ్మీ?" అన్నాను.

"నై దుల్హన్."

గయాజ్ డ్యూటీలో ఉన్నాడు. మరీహా ఇంట్లో లేదు. మేమిద్దరమే.


జనవరి 3

వంటింట్లో నాలో నేను తెలుగులో మాట్లాడుకుంటున్నానట. మరీహా నవ్వింది. ఎవరితో మమ్మా అని.


జనవరి 9, గురువారం

ఆ హోటల్లో భోజనశాల తెరిచారు. మేడమ్ గయాజ్‌కు ఫోటో పంపింది. మరీహా దాన్ని తన ఫోన్లో వేసుకుని పెద్దది చేసి నానమ్మకు చూపించింది. గోడ మీద మంచి దీపాల కింద ఉంది బొమ్మ. ముందు బల్ల, బల్ల మీద తెల్ల గుడ్డ, గ్లాసులు. ఇక ఆ ముఖాన్ని ఎవరూ గోడకు తిప్పరు, తినడానికి వచ్చిన ప్రతివాడూ చూస్తాడు.

"దాదీ, కింద ఏం రాశారో చూడు," అని చదివి వినిపించింది మరీహా. ఇటలీ స్త్రీ, ఎత్తోరె వల్దానీ.

"మాషా అల్లా," అంది అమ్మీ. ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

మరీహా ట్యూషన్‌కు వెళ్ళేదాకా ఆగాను. బియ్యం కడిగి పక్కన పెట్టాను, మళ్ళీ వచ్చాను, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళాను. చివరికి అమ్మీ కాళ్ళ దగ్గర కింద కూర్చున్నాను. నేను ఏం చెప్పాలనుకుని వచ్చానో అది చెప్పలేదు. గయాజ్ గురించి, ఒట్టు గురించి చెప్పాలనుకున్నాను. అవేవీ రాలేదు.

"అమ్మీ, గా బొమ్మల ఉన్నది నువ్వే. నాకు ఎర్కే. ఆనాడు నేనే అబద్ధం జెప్పిన," అన్నాను.

అమ్మీ కోపగించుకోలేదు. కోపగించుకుని ఉంటే బాగుండేది. నా తల మీద చెయ్యి పెట్టింది, ఇంటికి వచ్చిన చుట్టాల పిల్లను దీవించినట్టు.

"నై దుల్హన్. వో తో కోయీ ఇటలీ కీ మేమ్ హై కతే," అంది. ఎవరో ఇటలీ దొరసాని అట. అట అంది. మేమందరం చెప్పిన మాటే కదా అది.

నాకు ఏడుపు వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని ఇంకోసారి తెలుగులోనే చెప్పాను, నెమ్మదిగా, ఒక్కొక్క మాటా, నువ్వే అమ్మీ, నువ్వే అని.

ఆమె నా నోటి కదలికను శ్రద్ధగా చూసింది. చెవి కొంచెం ముందుకు ఒగ్గింది.

"ఉర్దూ మే బోలో దుల్హన్," అంది. "సమఝ్ మే నై ఆరా."

ఉర్దూలో చెప్పాలట. తెలుగు అర్థం కావడం లేదట.